చన్నీళ్ళ మరక

మొదట్లో వాడికి ఒక్కటే చొక్కా.
తూలోన్ రేవులో పంచదార బస్తాలు మోసే పదిహేనేళ్ళవాడు.
అది ఆరేదాకా నా కొట్లో, ఇస్త్రీ బల్ల పక్కన
బనీనుతో కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు.
పేరు సవేర్యు. ఇంటిపేరు ఒర్నెల్లి.
తల్లి కోర్సికా నుంచి ఓడెక్కినప్పుడు
కడుపులో ఉన్నాడట.
"నీళ్ళ మీద ఊపిరి పోసుకున్నాను, నాకు నిలకడెక్కడిది" అనేవాడు.

రెండో ఏడు మూడు చొక్కాలు.
జేబుల్లో పొగాకు పొడి, దొంగ సిగరెట్ పెట్టెల బంగారు కాగితం.
నాలుగో ఏడు పట్టు.
కాఫీ దుకాణాల్లో నాణేలు మింగే యంత్రాలన్నీ
రాత్రయితే వాడి గుమ్మంలోనే కక్కుతాయని చెప్పుకున్నారు.
నాకు తెలిసింది కాలరు కొలత.
ముప్పై ఆరు నుంచి నలభై మూడుకి ఎదిగింది.

ఒక సోమవారం కుడి మణికట్టు దగ్గర నెత్తురు.
నేనేం అడగలేదు.
మా అమ్మ నేర్పిన విద్య అది:
నెత్తురుకి చన్నీళ్ళే.
వేడినీళ్ళు తగిలాయా, నూలు ఇక దాన్ని మరిచిపోదు.
ఉప్పు వేసి నానబెట్టాను.
నీళ్ళు గులాబీ రంగు తిరిగాయి, పారబోశాను.
ఆ తర్వాత చాలా సోమవారాలు.

ముసలి జాలర్లకి పళ్ళ సెట్లు కట్టించాడు,
చర్చి గంటకి కొత్త తాడు.
ఎన్నికల పోస్టర్లు అంటించే కుర్రాళ్ళకి
వేడి సూపు, ఒక్కొక్కరికీ ఒక ఇనప కడ్డీ.
నా కొట్టు కూడా కొన్నాడు, కాగితాల్లో పేరు నాదే ఉంచి.
పన్నెండు యంత్రాలు దింపాడు, ఆరు ఎప్పుడూ తిరగలేదు.
లెక్కల పుస్తకంలో మాత్రం
రోజుకి మూడొందల దుప్పట్లు ఉతికాను,
మంచాలే లేని ఒక హోటలువి.
నలుపుని తెలుపు చెయ్యడం
పాతికేళ్ళ చాకిరీ తర్వాత అప్పుడు నేర్చుకున్నాను:
సబ్బు అక్కర్లేదు, సంతకం చాలు.
పెట్టాను. ఆ చలికాలం గదిలో బొగ్గుకి లోటు లేదు.
నన్నేమనుకుంటారో అనుకోండి.

రొట్టెల కొట్టు ఫెలిసీ కొడుకు ఎలోయ్.
పంతొమ్మిదేళ్ళు.
పడవల స్టేషను మరుగుదొడ్లో దొరికాడు, సూది పక్కనే.
తెల్లపొడి ఎవరి పడవల్లో దిగుతోందో
రేవులో పిల్లులకి కూడా తెలుసు.
ఫెలిసీ వాడి చొక్కా తెచ్చింది, పిండి అంటిన చేతుల్తోనే.
"బాగా ఇస్త్రీ చెయ్యి, ఓర్తాన్స్.
చేతులు పొడుగు సాగేలా చూడు,
మోచేతులు ఎవరికీ కనపడకూడదు."
సవేర్యు పంపిన పూలచక్రం
చర్చి తలుపులో పట్టలేదు.

ఆ సోమవారం వాడి చొక్కా వచ్చింది, మామూలు మరకతో.
నీళ్ళు మరిగించాను.
పోశాను.

శుక్రవారం వాడే వచ్చాడు. మణికట్టుని దీపం కింద పట్టి చూశాడు.
గోధుమరంగు, బఠాణీ గింజంత.
"చెయ్యి తప్పిందా, ఓర్తాన్స్?"
"లేదు."
చాలాసేపు యంత్రాలు తిరిగాయి.
బయట డ్రైవరు హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.
ఒంటిమీదున్నది విప్పి
అదే తొడుక్కున్నాడు నా ముందే.
బనీనుకి ఇప్పటికీ చంక కింద చిల్లు.
డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.

పదకొండు రోజులకి, ఇనపగుండ్లు ఆడే మైదానం పక్కన,
మోటారు సైకిలు మీద ఇద్దరు.
పేపర్లో వాడి బతుకు అరపేజీ, తేదీలు సగం తప్పు.
మొహం మిగల్లేదు.
భార్య స్విట్జర్లాండులో, అన్న కొడుకు జైల్లో.
ఇన్‌స్పెక్టరు నన్ను పిలిపించి
తెల్లగుడ్డ కింద నుంచి ఒక చెయ్యి బయటికి లాగాడు.
"గుర్తు పట్టగలరా, మదామ్?"
కొత్త నెత్తురు మణికట్టు దాకా రాలేదు.
"ఇతనే" అన్నాను.

పై అరలో ఇంకా మూడు చొక్కాలున్నాయి,
టికెట్టు అరవై ఒకటి.
ఏడాది దాటితే అమ్మేస్తామని గోడ మీద బోర్డు,
నా చేత్తో రాసిందే.
మిస్త్రాల్ గాలి తలుపు కింద నుంచి దూరే రాత్రులు
సంచిలో అవి గుసగుసలాడతాయి.
కాలరు నలభై మూడు.
ఈ వీధిలో అంత మెడ ఎవరికీ లేదు.